మాక్‌సూత్రమునకు సాలూరు టీక

అవతారిక: సాలూరనగానే లారీలు. ఘాటెక్కిన సుంకి, ఆపై కోరాపుట్. బండి ఘాటీలో నిలిచిపోగా "డ్రైవరు ఫోనెత్తడేటి!" అని ఓనరు కేకలు. ఆ ఫోను నంబరును తెచ్చు పైతాన్ పంక్తి ఇది: ఆఫీసు.లారీ(బండి).డ్రైవర్().ఫోన్(). (మన పేర్లు తెలుగులోనే ఉంచితిమి, పైతాన్ 3 కాదనదు. రిటర్న్_వాల్యూ వంటి మాక్ సొంత పేర్లను మాత్రము నిజమైన కోడులో ఇంగ్లీషుననే వ్రాయవలె.) నిజమైన లారీ లేకయే దీనిని పరీక్షింప 2012లో పైతాన్ 3.3తో యూనిట్‌టెస్ట్‌లో చేరిన మాక్ ఆధారము.

మూలము:
ఆఫీసు.లారీ.రిటర్న్_వాల్యూ.డ్రైవర్.రిటర్న్_వాల్యూ.ఫోన్.రిటర్న్_వాల్యూ = నంబరు

ప్రతిపదార్థము: ఆఫీసు = మాజిక్‌మాక్ అను మాయావి; లారీ = పిలువదగిన మెథడ్; రిటర్న్_వాల్యూ = పిలువగా చేత పడునది; డ్రైవర్ = ఆ చేత పడినదాని మెథడ్; రిటర్న్_వాల్యూ = మరల అదే, విసుగుకొనరాదు; ఫోన్ మొదలగునవి స్పష్టము.

తాత్పర్యము: ఆఫీసును లారీ నడిగి, లారీని డ్రైవరు నడిగి, డ్రైవరును ఫోను నడిగినచో ఈ నంబరే రావలెనని భావము.

విశేషము: నడుమ ఒక్క రిటర్న్_వాల్యూ జారినను పైతాన్ కిక్కురుమనదు. మాక్ అడిగినదానికెల్ల మరొక మాక్‌ను చేతిలో పెట్టును. నంబరు స్థానమున వచ్చినదియు మాకే! "నంబరున్నదా?" అని మాత్రమే చూచు టెస్టు పాసగును, ఏలయన మాజిక్‌మాక్ మనము మార్చనంతవరకు సత్యము. బండి మాత్రము ఘాటీలోనే ఉండును.

పాఠాంతరము: ఆఫీసు.లారీ().డ్రైవర్().ఫోన్.రిటర్న్_వాల్యూ అని కొందరు. పొట్టిది, నోటికి సుఖము. కాని సిద్ధపరచుటలోనే లారీని ఒకమారు పిలిచినట్లు లెక్క పడును. పిమ్మట అసర్ట్_కాల్డ్_వన్స్ అనినచో, రెండుమార్లు పిలిచితివని టెస్టు కూలును. పిలుపుల లెక్క అడుగనిచోట ఈ పాఠము చెల్లును.

ఆక్షేపము: ఇంత గొలుసేల? మంచి ప్రశ్న. తప్పు టెస్టుది కాదు, కోడుది. పక్కవానితోనే మాటలాడుము, వాని చుట్టములతో వలదని 1987లో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయమున పుట్టిన డెమీటర్ నియమము. నంబరు కావలసిన గుమస్తా ఆఫీసు నడుగవలె. క్యాబిన్ తలుపు తీసి డ్రైవరు జేబులో చేయి పెట్టుట మర్యాద కాదు. ఆఫీసు.డ్రైవర్_ఫోన్(బండి) అని ఒక్క మెథడ్ వ్రాసిన, ఒక్క రిటర్న్_వాల్యూతో తీరును.

నిజమైన ఆఫీసును చూచి మాక్‌ను చేయు క్రియేట్_ఆటోస్పెక్ రక్షించునందురా? ఆఫీసుకు లేని మెథడ్‌ను అడిగిన పట్టుకొనును, నిజమే. ఆ మెథడ్ ఇచ్చిన లారీకి దాని కాపలా లేదు. కనుక గొలుసు తెంపలేని పాత కోడు పాలబడినవారు, నంబరున్నదా అని అడిగి ఊరకుండక, అది ఏ నంబరో అంకెకంకె సరిపోల్చుడు.