ముల్లు లెక్కపెట్టని పదిహేను

సూర్యాపేట దాటాక విజయవాడ రోడ్డు పక్కన పంచరు షాపు ముందు, రేకుల నీడలో ఉండే గాలి ట్యాంకును నేను. వంద లీటర్ల పొట్ట, నెత్తిన మోటారు, పిస్టను, పక్కన ఒక మీటరు. ముల్లు సున్నా మీద ఉంటే నేను ఖాళీ అనుకుంటారు. అప్పుడు కూడా నాలో వంద లీటర్ల గాలి ఉంటుంది. బయటి గాలి ఎంత నొక్కుతోందో లోపలిదీ అంతే నొక్కుతుంది: చదరపు అంగుళానికి దాదాపు 15 పౌండ్లు. ముల్లు ఆ పదిహేనును వదిలేసి లెక్క మొదలుపెడుతుంది.

మోటారు తిరిగితే పిస్టను బయటి గాలిని నాలో కుక్కుతుంది. 120 పౌండ్లు రాగానే స్విచ్చి ఆపేస్తుంది. వదిలేసిన 15 కలిపితే 135, బయటి ఒత్తిడికి తొమ్మిది రెట్లు. తొమ్మిది వందల లీటర్ల గాలి వంద లీటర్లలో సర్దుకుందన్నమాట. ఒత్తిడి రెట్టింపైతే గాలి ఆక్రమించే చోటు సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే ప్రకటించాడు. వేడి మారకపోతేనే సుమా! నాలో మారుతుంది. నొక్కిన గాలి కాగుతుంది, సిలిండరు ముట్టుకుంటే చుర్రుమంటుంది. అందుకే రాత్రి షాపు కట్టేసేటప్పుడు నిండుగా ఉన్న ముల్లు తెల్లారేసరికి కాస్త దిగుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు లీకనుకుని ఒళ్లంతా సబ్బునీళ్లు పూశాడు. ఒక్క బుడగ రాలేదు. చల్లారింది, అంతే.

మే నెల మధ్యాహ్నాల్లో కార్లవాళ్లతో ఇదే గొడవ.

"నాలుగు పౌండ్లు ఎక్కువున్నయన్నా, తీసెయ్."

"పొద్దున ఎంత కొట్టిచ్చినవ్?"

"ముప్పై."

"అయితే సరిగ్గనే ఉంది తమ్మీ. టైరు చల్లారనియ్యి."

మా ఓనరు చదువుకోకపోయినా చెప్పింది నిజం. పొద్దున టైరులో గాలి 27 డిగ్రీలు, పరుగెత్తాక 57 అనుకుందాం. రెట్టింపు దాటిందని కంగారు పడొద్దు. సెల్సియస్ సున్నా నీళ్లు గడ్డకట్టే చోటు మాత్రమే. గాలికి అసలు సున్నా ఇంకా 273 డిగ్రీల కింద ఉంది. అక్కణ్ణుంచి లెక్కిస్తే 300 కాస్తా 330 అయింది, పదో వంతు పెరిగింది. టైరు పెద్దగా సాగదు కాబట్టి ఒత్తిడీ పదో వంతే పెరగాలి. దేనిలో పదో వంతు? ముల్లు చూపిన 30లో కాదు, 15 కలిపిన 45లో. నాలుగున్నర పెరిగి ముల్లు 34న్నర చూపుతుంది. రెండు దొంగ సున్నాలనూ పక్కన పెడితే ఇందులో తిరకాసేమీ లేదు.

ఆ కారు కుర్రాడు వినలేదు. తనే వాల్వు నొక్కి బుస్సుమని 30కి దించాడు. లోపలి గాలిలో పదకొండో వంతు పోయింది. రాత్రికి బండి ఆపితే, మళ్లీ 27 డిగ్రీలకు చల్లారేసరికి ముల్లు 26 దగ్గర నిలబడుతుంది. పోయిన గాలి ఇంకో ఊళ్లో, ఇంకో ట్యాంకు దగ్గర డబ్బులిచ్చి కొట్టించుకోవాల్సిందే.