పెద్ద టీచరు గారి నల్లబల్లకు ‘సుద్దముక్క’ అను టీక

అవతారిక. కాళిదాసుకు మెదక్ సీమ కొలిచెలమ నుంచి మల్లినాథసూరి దొరికాడు. పెద్ద టీచరు గారికి నేను దొరికాను. ఎవరి ప్రాప్తం వారిది. గోదావరి లంకల వైపు ఒక ఊళ్లో, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల వరండాలో ఆగస్టు మొదటి వారంలో వెలసిన గ్రంథమిది. కర్త ప్రధానోపాధ్యాయురాలు, ఊరికి ఆమె పెద్ద టీచరు గారు. రెండో ఆవిడ చిన్న టీచరు గారు. ఉపాధ్యాయులు ఇద్దరు, తరగతులు అయిదు, గదులు రెండు, కాబట్టి క్లుప్తత కర్తకు అలవాటే. పూర్వవ్యాఖ్యాతలు లేరు. రావిచెట్టు అరుగు మీద కూర్చునే పెద్దలు నోటిమాటగా చెప్పినవి కొన్ని ఉన్నా, అవి ప్రమాణం కావు.

మూలం.
తల్లిదండ్రులకు విజ్ఞప్తి.
10న నులిపురుగుల మాత్రలు. పిల్లలు తిని రావలెను.
15న జెండా వందనం. ఉదయం 7.30. యూనిఫాం తప్పనిసరి.
నెలాఖరు శనివారం మీటింగ్. అందరు రావలెను. భోజనం కలదు.
దాతలు పళ్ళెములు ఇవ్వగలరు.
— ప్ర.ఉ.

టీక. తల్లిదండ్రులకు = బిడ్డలను బడికి పంపువారికి; విజ్ఞప్తి = మర్యాదతో కూడిన ఉత్తర్వు. తాత్పర్యం సుగమం.

నులిపురుగుల మాత్రలు = ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములవి, నమిలి మింగదగినవి. 2015లో మొదలుపెట్టారు; వేసే రోజులు ఫిబ్రవరి 10, ఆగస్టు 10. ఇక్కడొక చిక్కుంది. ‘తిని రావలెను’ అన్నారు గాని కర్మపదం లేదు. ఏమి తిని? మాత్ర తిని రావలెనని అర్థం చెప్పుకొని, మాత్ర ఇంటికి ఎప్పుడు పంపుతారని ఒక నాయనమ్మ ఆరా తీసింది. ఆ అన్వయం కుదరదు. మాత్ర బడిలో ఉంది, పిల్లవాడు ఇంట్లో ఉన్నాడు. కనుక ‘చద్దన్నమో ఇడ్లీయో’ అని అధ్యాహారం చేసుకోవాలి. పరగడుపున మాత్ర వేస్తే కడుపులో తిప్పిందని ఒకడు అంటాడు. వాణ్ణి చూసి తక్కినవాళ్లందరికీ తిప్పుతుంది. చిన్న టీచరు గారికి ఇది అనుభవైకవేద్యం. ఆ రోజు బడి ఎగ్గొట్టినవాడు తప్పించుకున్నానని మురిసిపోనక్కర్లేదు. మిగిలినవారి కోసం వారం తర్వాత మళ్లీ ఒక రోజు పెడతారు.

జెండా వందనం. ‘యూనిఫాం తప్పనిసరి’ అన్న వాక్యం పైకి పిల్లలకు చెప్పినట్టు ఉంటుంది. విచారిస్తే దర్జీకి చెప్పినది. సర్కారు ఇచ్చే కిట్టులో బూట్లు, బెల్టు, సంచి, పుస్తకాలు తయారుగా వస్తాయి; బట్ట మాత్రం బట్టగానే వస్తుంది. అది ఊరి దర్జీ దగ్గర, పెళ్లి జాకెట్ల అడుగున ఉంది. దర్జీ కూతురు ఈ బడిలోనే మూడో తరగతి చదువుతోంది. పెద్ద టీచరు గారు వాక్యం ఎటు గురిపెట్టారో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

పాఠాంతరం. ‘7.30’ పక్కన గులాబిరంగు సుద్దతో ‘బిస్కట్లు కలవు’ అని కనిపిస్తోంది. దస్తూరీని బట్టి, ‘ట్ల’ కింద ఒత్తు తిరిగిన తీరును బట్టి, ఇది అయిదో తరగతివారు చేర్చిన ప్రక్షిప్తమని తేలింది. అయినా కర్త చెరపలేదు. చెరపనిది కర్త సమ్మతమే అని న్యాయం. కాబట్టి బిస్కట్లు కొనాలి. జెండా తాడు సర్పంచి లాగాలా, బడి కమిటీ చైర్మన్ లాగాలా అన్న విషయంలో మూలం మౌనంగా ఉంది. మేమూ ఉంటాం.

నెలాఖరు శనివారం మీటింగ్. గ్రంథంలో కష్టమైన ఘట్టం ఇదే. ముందుగా, జెండాకు సమయం చెప్పిన కర్త దీనికి ఎందుకు చెప్పలేదు? మరచిపోయారనడం తగదు. తల్లుల్లో ఎక్కువమంది కూలికి వెళ్లేవారు. పని ఎప్పుడు వదిలితే అప్పుడే మీటింగు. సమయం వేస్తే తప్పు వాళ్లదవుతుంది, వేయకపోతే ఎవరిదీ కాదు.

అందరు = ఎవరెవరు? 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు, అంటే నాలుగింట మూడు పాళ్లు, తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మూలంలో ‘తల్లిదండ్రులకు’ అని ఉంది గాని, ఈ లంకల్లో తల్లి అనేకసార్లు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది. అప్పుడు తల్లి అన్నచోట అమ్మమ్మ అని లక్షణార్థం చెప్పుకోవాలి. పోయిన మీటింగులో ఒక అమ్మమ్మ ఫోను ఎత్తి పట్టుకుంటే కువైట్ తల్లి వీడియోలో అంతా విన్నది. చివర్లో “మా వాడు ఎక్కాలు చెబుతున్నాడా టీచరు గారూ?” అని ఒక్కమాట అడిగింది. వాడు చెప్పాడు. పన్నెండో ఎక్కం దగ్గర సిగ్నల్ పోయింది. వాడికి అది కలిసొచ్చింది.

శంక: బడిలో చదివే పిల్లలు అంతమందే కదా, ‘అందరు’ అంటే వాళ్లవాళ్లే కదా, ఇంత చర్చ దేనికి?

సమాధానం: నల్లబల్ల ఎటు తిరిగి ఉందో చూడండి. గది వైపు కాదు, రోడ్డు వైపు. పొద్దున ఎనిమిదికి ప్రైవేటు బడి పసుపుపచ్చ బస్సు ఆగేది సరిగ్గా దాని ఎదుట. బస్సు కోసం పిల్లల చేతులు పట్టుకొని నిలబడే తల్లులకు చదవడానికి ఈ బల్ల తప్ప వేరేమీ లేదు. కాబట్టి ‘అందరు’ అన్నది ఈ బడిలో లేనివారిని కూడా కలుపుకొని వాడిన మాట. ధ్వని ఇక్కడే ఉంది. ‘పిల్లలను ఇక్కడ చేర్చండి’ అని రాస్తే విజ్ఞాపన పత్రం అయ్యేది. ‘భోజనం కలదు’ అని రాయడంతో కావ్యమైంది. కర్తకు ఆ అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి. 2022లో 117వ జీవోతో దగ్గరలోని హైస్కూళ్లకు 3, 4, 5 తరగతులు తరలిపోయాయి. ఈ బడిదీ అదే కథ. పెద్ద పిల్లలు లేని బడిలో చిన్నపిల్లలకు నీళ్ల కుళాయి తిప్పేవాడు కూడా ఉండడు. ఆ చిన్నపిల్లల్లో కొందరు అప్పుడే బస్సెక్కారు. 2025లో ఆ జీవో రద్దయింది, తరగతులు తిరిగి వచ్చాయి. బస్సెక్కినవారు ఇంకా దిగలేదు. జీవో తిప్పినంత సులువుగా పిల్లలు తిరిగి రారన్నది ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

భోజనం కలదు. బడిలో రోజూ ఉన్నదే కదా, ప్రత్యేకించి చెప్పనేల అంటే, ఆనాడు పెద్దలకు కూడా అని విశేషం. ఇప్పుడు రాష్ట్రంలో ఈ బడిభోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. ఆమె (1841–1909) లంకల గన్నవరం ఇల్లాలు, ఏ వేళ ఎవరు వచ్చినా అన్నం పెట్టిన మనిషి. లంకలవారికి ఆమె పేరు ప్రభుత్వం చెప్పనక్కర్లేదు. చిక్కల్లా లెక్కలో ఉంది. ప్రాథమిక బడి పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం. ఆ 100 గ్రాముల్లో అమ్మమ్మలూ తాతయ్యలూ లేరు. మరి వాళ్ల అన్నం ఎక్కడిది? ముందు రోజు సాయంత్రం ఒకరు కుంచెడు బియ్యం, ఒకరు కొబ్బరికాయలు, ఒకరు రెండు గుమ్మడికాయలు తెచ్చి వంటావిడ గుమ్మంలో పెట్టి పోతారు. ఎవరు ఏమి తెచ్చారో ఆమె రాసి పెట్టుకోదు, మరచిపోనూ పోదు. ఏ రిజిస్టరులోనూ ఎక్కని పద్దు ఇది.

దాతలు పళ్ళెములు ఇవ్వగలరు. ఇవ్వగలరు = ఇచ్చే శక్తి వారికి కలదు అని కాదు, ఇవ్వండి అని. పెద్దలు కూర్చున్న రోజున పళ్ళేలు చాలక రెండు పంక్తులు వేయాల్సి వస్తోంది. ఈ బడిలో చదివి హైదరాబాదులోనో దుబాయిలోనో స్థిరపడినవారు ఈ టీక చదివితే స్టీలువి, అంచు ఎత్తుగా ఉన్నవి పంపించండి. మీ పేరు కొట్టించుకోండి, తప్పులేదు. అయితే పళ్ళెం నడిమధ్యన కాక అడుగు భాగాన కొట్టించండి. మధ్యన కొట్టిస్తే ఒకటో తరగతివాళ్లు అన్నం పక్కకు తోసి మీ ఇంటిపేరు కూడబలుక్కుంటున్నారు, రెండో గంట కొట్టినా లేవడం లేదు.