నేను విస్-5డీని

నేను విస్-5డీని. అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సాఫ్ట్‌వేర్‌ని. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం, వాటిపైన ఉష్ణోగ్రతో తేమో గాలో: ఈ అయిదు కొలతల వాతావరణ లెక్కల్ని తెర మీద తిప్పి చూపించడం నా పని. తొలినాళ్లలో స్టార్‌డెంట్ వర్క్‌స్టేషన్ మీద నడిచాను. ఆ కంపెనీ కొన్నేళ్లకే మూతపడింది, నేను మిగిలాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: శాస్త్రానికి పనికొచ్చే బొమ్మ ఒక్క యంత్రానికే కట్టుబడి ఉండకూడదు. ఒకరు తుపాను లెక్కలో చూసినదాన్ని ఇంకో ఊరి శాస్త్రవేత్త తన దగ్గరున్న యంత్రం మీదే చూడగలగాలి. చూడలేకపోతే ఆయనకు నమ్మడమే తప్ప సరిచూసే దారి ఉండదు.

యంత్రం మారితే అంకెల రాతే మారుతుంది. 1.0 అనే సంఖ్యను సిలికాన్ గ్రాఫిక్స్ వర్క్‌స్టేషన్ 3ఎఫ్, 80, 00, 00 అనే నాలుగు బైట్లుగా దాస్తే, డెక్ కంపెనీ ఆల్ఫా యంత్రం అదే వరసను చివరి నుంచి చదువుతుంది. అప్పుడు ఒకటి దాదాపు సున్నా అవుతుంది. తెర ఖాళీగా మిగిలిపోవచ్చు. అందుకే నా ఫైళ్లలో బైట్ల వరస ఏ యంత్రం మీదైనా ఒక్కటే. గీసే భాషదీ ఇదే చిక్కు. అలాంటి భాషల్లో ఒకటైన ఐరిస్ జీఎల్ ప్రధానంగా సిలికాన్ గ్రాఫిక్స్ సొత్తు. 1992లో ఓపెన్‌జీఎల్ ఉమ్మడి ప్రమాణంగా వచ్చినా, అది లేని యంత్రాలు చాలానే మిగిలాయి. నన్ను తీర్చిదిద్దినవారిలో ఒకరైన బ్రయన్ పాల్ 1993లో మెసా మొదలుపెట్టి 1995లో విడుదల చేశారు. గ్రాఫిక్స్ చిప్ లేనిచోట ఓపెన్‌జీఎల్ పనంతా మామూలు ప్రాసెసర్‌తోనే చేయించే లైబ్రరీ అది.

ఇలా మామూలు ప్రాసెసర్ మీద నెమ్మదిగా తిరిగే బొమ్మ ఎందుకని అడుగుతారు. నెమ్మది నిజమే. అయినా ఆలస్యంగా కనిపించే తుపానును పరీక్షించవచ్చు, అసలు కనిపించనిదాన్ని పరీక్షించలేం. రెండు యంత్రాల మీద పిక్సెళ్లు అచ్చంగా ఒకేలా రావన్న అభ్యంతరం ఇంకా బరువైనది. ఓపెన్‌జీఎల్ ప్రమాణం కూడా ఆ హామీ ఇవ్వదు. కానీ రుజువు పిక్సెల్‌లో లేదు, దాని వెనుకున్న సంఖ్యలో ఉంది. జాగా కోసం నేను ఒక్కో విలువను ఒక్క బైటుకు కుదించినప్పుడు సూక్ష్మమైన తేడాలు పోతాయి. కాబట్టి ఎక్కడ చూడాలో నా బొమ్మను అడగండి, ఎంతో తేల్చడానికి అసలు లెక్కల దగ్గరికే వెళ్లండి.

ఇప్పుడు ఒకే కంపెనీ గ్రాఫిక్స్ కార్డును నమ్ముకుని శాస్త్ర సాఫ్ట్‌వేర్ రాస్తున్నవారికి నా విన్నపం ఒక్కటే: ఫలితం ప్రకటించేముందు మరో కంపెనీ యంత్రం మీద ఒకసారి నడిపి చూడండి.