సర్వసంఘాధ్యక్షుడు

మా మేనల్లుడు అమెరికాకు పోయినది పీహెచ్‌డీ కొరకని మా అక్కయ్య నేటికిని గాఢముగ విశ్వసించుచున్నది. నేనును నిరుటివరకు అట్లే విశ్వసించితిని. కాని మా అమ్మాయిని చూచుటకని ఆ దేశమునకు పోయి, అక్టోబరు, నవంబరు మాసములలో కొన్నాళ్లు అతని ఫ్లాటులో మకాము పెట్టిన పిమ్మట నాకు బోధపడినదేమనగా, అతడు పోయినది సంఘములలో చేరుటకు, చేరినవానికి నాయకత్వము వహించుటకు, నడుమ తీరిక చిక్కినచో పరిశోధన చేయుటకు. ఇట్టి మహానుభావుడు ప్రతి విశ్వవిద్యాలయమునను ఒక్కడైనను ఉండును. పాఠకులలో పెక్కుమందికి ఇంటనే ఉండును.

ఆగస్టు చివర, తరగతులు మొదలగు దినములలో, అక్కడి పచ్చికబయలున బల్లలు వరుసగ వేసి, ఒక్కొక్క బల్లవెనుక ఒక్కొక్క సంఘమువారు నిలిచి, పెన్నులను, టీషర్టులను, పిజ్జాముక్కలను ఉచితముగ పంచుచు కొత్తవారి ఈమెయిళ్లు వ్రాయించుకొందురు. వివేకవంతులు పిజ్జా తిని, పెన్ను జేబులో వేసికొని, తప్పుడు ఈమెయిలు వ్రాసి వచ్చెదరు. మావాడు ప్రతి బల్లయొద్దను నిజమైన ఈమెయిలే వ్రాసెనట! భారతీయ విద్యార్థి సంఘము, తెలుగు సంఘము, గ్రాడ్యుయేటు విద్యార్థుల మండలి, ఇవి సహజమే యనుకొందము. తేనెటీగల పెంపకపు సంఘమున అతనికేమి పని? గుర్రము ఎట్లు దూకునో యెరుగనివాడు చదరంగ సంఘమునకు కోశాధికారి యెట్లయ్యెను? అదే అడిగితిని. “ఆట రాకపోతే ఏం మామయ్యా, లెక్కలొచ్చుగా!” అనెను.

పదవులు అతనికి దొరకుటలో వింత యేమియు లేదు. ల్యాబులతోను, టీయే (బోధనసహాయకుల) పనులతోను, పరీక్షలతోను తలమునకలైయున్న ఆ విద్యార్థులలో పోటీచేయువాడే కనబడడు. ఎన్నికల సభకు రానివానినే కార్యదర్శిగ ఎన్నుకొని చేతులు దులుపుకొనుట అక్కడ పరిపాటి. మావాడన్ననో అందరికంటె ముందుగ వచ్చి కూర్చుండి ఆ ఆపదను కోరి తెచ్చుకొనును. మన పంచాయతీలలో ఏకగ్రీవ మనునది ఎంతెంత బేరసారములమీద సిద్ధించునో యెరిగిన నాకు, అక్కడ అది ఇంత చౌకగ లభించుట చూచి మతిపోయినది. కాలేజీ నడచు దినములలో విదేశీ విద్యార్థి క్యాంపసుమీద వారమునకు 20 గంటలకు మించి కొలువు చేయరాదని వీసా నిబంధన కలదు గాని, సభలకు హాజరగుటకు అట్టి కట్టడి పెట్టవలెనని ఆ దేశపు శాసనకర్తలకు తోచకపోయెను.

అతని పడకప్రక్కన భగవద్గీత యుండునని మా అక్కయ్య ఊహ. అచ్చట నున్నది ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అను సైనిక ఇంజనీరు 1863లో ఒక చర్చి సభకు అధ్యక్షత వహింపబోయి, ఆ రభసలో దిక్కుతోచక, సభానిర్వహణ నేర్చినగాని మరల సభ కెక్కనని పట్టుబట్టి, తుదకు 1876లో తన సొమ్ముతో 4,000 ప్రతులు అచ్చొత్తించిన గ్రంథమది. ఆయన దానిని సభలకొరకు వ్రాసెనే గాని వంటింటికొరకు వ్రాయలేదు. ఒకనాటి రాత్రి, సింకునిండ అడుగంటిన కుక్కరు, పులుసు ఎండిన గిన్నెలు పేరుకొనియుండగా, సహవాసి యొకడు “ఒరేయ్, ఇవాళ అంట్లు నీ వంతురా” అనెను. మావాడు కంప్యూటరునుండి తల యెత్తకయే, “ప్రతిపాదన వచ్చింది. బలపరిచేవాళ్లెవరైనా ఉన్నారా?” అని గంభీరముగ ప్రశ్నించెను. ఒకడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొనియుండెను. వేరొకడు స్నానమున నుండెను. బలపరచువారు లేమిచే ఆ ప్రతిపాదన చర్చకే రాక పోయెను. గిన్నెలు నేను తోమితిని.

ఇక దీపావళి. నరకాసురుడు చచ్చిన తిథి యేదైనను, అక్కడ దీపావళి ఆడిటోరియము ఖాళీగ దొరకిన శనివారమునాడే వచ్చును. హాలులో మంట వెలిగింపరాదు గనుక ప్రమిదలు బ్యాటరీలతో వెలుగును. విద్యార్థుల రుసుములనుండి వచ్చు సొమ్మగుటచే ప్రతి సమోసాకును రసీదు చూపవలెను. ఈ సంకటములన్నిటిని మావాడు అవలీలగ దాటెను. దాటలేనిది వందనసమర్పణ యొక్కటే. డీనుగారితో మొదలిడి కుర్చీలు వేసినవారివరకు పేరుపేరున స్మరించి అతడు ముగించునప్పటికి సమోసాలు చల్లారి, బ్యాటరీదీపములును మినుకుమినుకుమనుచుండెను.

పీహెచ్‌డీ విద్యార్థికి అతని సిద్ధాంతవ్యాసమును పరీక్షించు ఆచార్యుల కమిటీ యొకటి యుండును. తాను అధ్యక్షుడు కానందుననో యేమో, అన్ని కమిటీలను వేళకు సమావేశపరచు మావాడు ఆ యొక్క కమిటీని మాత్రము చాలకాలముగ సమావేశపరచలేదు. “థీసిస్ సంగతేమిట్రా?” అని గద్దించితిని. “మూడో చాప్టరు పరిశీలనలో ఉంది మామయ్యా” అని, మంత్రిగారు శాసనసభలో చెప్పినట్లు చెప్పెను.

అతనిమీద నాకింకను కోపము నిలువకపోవుటకు కారణము ఆ అంట్ల సహవాసియే. “నన్నూ అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు నుంచి వీడే తీసుకొచ్చాడంకుల్. తన పరుపు నాకిచ్చి నెల్లాళ్లు కింద పడుకున్నాడు” అని అతడు చెప్పెను. ఏటేట ఆగస్టులో, రెండేసి పెట్టెలతో, ఆవకాయతో, బెంగతో దిగు పిల్లలను మావాడు పాతకారులో తెచ్చి, అన్నము పెట్టి, సిమ్‌కార్డు కొనిపించి, బ్యాంకుకు తీసికొనిపోయి, తల్లులతో మాటలాడించును. తేనెటీగలతో సహా సమస్త పదవులును వ్రాసికొన్న అతని రెజ్యూమేలో ఈ సంగతి యొక్క ముక్కయు లేదు. ఏమిరా అని అడుగగా, “దానికి పోస్టు లేదుగా మామయ్యా!” అనెను. ఆ పని పోస్టుకంటె గొప్పదిరా అని నేను మెచ్చుకొంటిని.

మెచ్చుకొనకుండవలసినది. నేను స్వదేశము చేరులోపల ‘ఎయిర్‌పోర్టు స్వాగత కమిటీ’ యొకటి అధ్యక్షునితోను, ఉపాధ్యక్షులతోను, నియమావళితోను వెలసెను. జనవరిలో కొత్తగ దిగిన పిల్లలిద్దరు, ఎవరు పోవలెనో తీర్మానించుటకు కోరము చాలక, తెల్లవారువరకు పెట్టెలమీద కూర్చుండిరట. తుదకు అధ్యక్షులవారే కారు తీసికొని పోయి, దారిలోనే ఆ యిద్దరిని సభ్యులుగ చేర్చుకొని, కారులోనే కోరము పూర్తిచేసి, వారిని తెచ్చుటకు తీర్మానము ఏకగ్రీవముగ గావించిరట.