రిపోర్టులో ‘లేదా’

గన్‌ఫౌండ్రీలో ఒకప్పుడు ఫ్రెంచి దొర రేమండ్ నిజాం అలీఖాన్ సైన్యానికి ఫిరంగులు పోయించాడు. అదే పేటలో తాళంచెవిని కూడా గదిలోకి రానివ్వని నేను కాపురముంటున్నాను. నేను ఎమ్మారై మిషన్ని. నా బలం 1.5 టెస్లా, భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు.

పెద్దవాళ్లతో నాకు పేచీ లేదు, కదలొద్దంటే కదలరు. నాంపల్లి స్టేషన్లో దిగి ఆటోలో వచ్చిన మూడేళ్ల పిల్లకు ఆ మాటెలా చెప్పడం? నా టకటకలకే బెదిరిపోతుంది. తల తిప్పిందా, బొమ్మంతా అలుక్కుపోతుంది. అందుకే నిద్రమందు, పక్కనే మత్తు డాక్టరు. నెలల పాపలకైతే పాలు పట్టి, దుప్పట్లో చుట్టి పడుకోబెడతారు. వాళ్లతో ఇంకో చిక్కు. మెదడు నరాలకు మైలిన్ పొర చాలావరకు పట్టడానికి రెండేళ్లు కావాలి. తొలి నెలల్లో తెలుపూ బూడిదా పెద్దవాళ్ల బొమ్మకు తలకిందులుగా ఉంటాయి. అలవాటు లేని కన్ను లేని జబ్బును చూస్తుంది, ఉన్నదాన్ని వదిలేస్తుంది.

అసలు తంటా ఉంగరంతో. ఫిట్స్ వచ్చిన బడిపిల్లలకు గాడోలినియం మందు ఎక్కించి చూస్తే చాలాసార్లు మెదడులో ఒకే ఒక్క చిన్న ఉంగరం వెలుగుతుంది. టీబీ గడ్డ కావచ్చు, పంది బద్దెపురుగు గుడ్డు నుంచి పుట్టిన తిత్తి కావచ్చు. మొదటిదైతే నెలల తరబడి మందులు. రెండోది చాలామందిలో దానంతటదే కరిగిపోతుంది. 1980లలో వెల్లూరు సీఎంసీ డాక్టర్లు ఇలాంటివి తీసి పరీక్షిస్తే, టీబీ అనుకున్నవాటిలో ఎన్నో పురుగు తిత్తులని తేలాయి. తర్వాత వాళ్లే గుర్తులు చెప్పారు: 20 మిల్లీమీటర్ల లోపు ఉండి, అంచు నున్నగా ఉండి, మెదడు నడిగీత పక్కకు జరగకపోతే పురుగు వైపే మొగ్గు. తిత్తి లోపల ఓ పక్కన చుక్కలా పురుగు తల కనిపిస్తే ఇక వాదన లేదు. కనిపించనప్పుడే గొడవ.

“మేం పంది మాంసం ముట్టనే ముట్టం సార్” అంది ఓ తల్లి. ముట్టనక్కర్లేదమ్మా. కడుపులో పురుగున్న మనిషి చేతి నుంచో, కడగని కొత్తిమీర నుంచో గుడ్లు నోట్లోకి పోతే చాలు.

రిపోర్టులో రెండు పేర్లూ రాసి మధ్యన ‘లేదా’ పెడతారు. ఇంత డబ్బు పోసి ‘లేదా’ కొనుక్కున్నామా అని తండ్రులు విసుక్కుంటారు. నాకైతే అందులో అదే నిజాయితీగల మాట. మిగతాది పిల్లల డాక్టరు పని: ఛాతీ ఎక్స్‌రే, ఇంట్లో దగ్గే తాత సంగతి. కొన్ని నెలలకు మళ్లీ నా దగ్గరికే పంపుతారు. ఉంగరం పెరిగితే టీబీని మళ్లీ గట్టిగా వెతకాలి. మాయమైతే మంచిదే, కానీ కాల్షియం చుక్క మిగిలితే ఫిట్స్ తిరిగి రావచ్చు. ఆ చుక్కను పట్టడంలో మాత్రం సీటీ నాకన్నా మొనగాడు.