బ్రూనో వాళ్ళ నాన్న

మా కాలనీలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు కరెంటు మీటరు రీడింగుకి వచ్చే అబ్బాయి, రెండోవారు ఆయన భార్య. ఆవిడ ఎలాగూ పేరు పెట్టి పిలవరు. మిగతా అందరికీ ఆయన బ్రూనో వాళ్ళ నాన్న. కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి అడ్రసు అడిగితే "బ్రూనో వాళ్ళింటికి రెండిళ్ళు ఇవతల ఆగిపో బాబూ" అంటాం. ఆ ఇంటికి అవతల ఉన్నవాళ్ళు మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి పార్శిళ్ళు తెచ్చుకుంటారు.

వనస్థలిపురం దాటాక ఉన్న మా కాలనీకే దక్కిన అదృష్టం అనుకోకండి. విశాఖ ఎంవీపీ కాలనీలోనూ, విజయవాడ పటమటలోనూ, గుంటూరు బ్రాడీపేటలోనూ ఇలాంటి నాన్న ఒకాయన ఉండే ఉంటారు. కుక్క జాతి మారుతుంది గానీ మనిషి జాతి మారదు.

పొద్దున ఆరింటికి ఆయన రోడ్డెక్కుతారు. మోకాళ్ళ దాకా నిక్కరు, చెవులకి మఫ్లరు, కాళ్ళకి కొడుకు డాలస్ నుంచి పంపిన బూట్లు, చేతిలో గొలుసు. ఈ గొలుసు గురించి కొంచెం చెప్పాలి. మంచి స్టీలు గొలుసు. ఒక కొసకి తోలు పిడి, రెండో కొసకి కొక్కెం. పిడి ఆయన మణికట్టుకి తగిలించి ఉంటుంది. కొక్కెం గాల్లో ఊగుతూ ఉంటుంది. ఆ కొక్కెం పట్టుకోవలసిన మెడ యాభై గజాల ముందు, ఎవరో ఒకరి మోకాళ్ళ దగ్గర ఉంటుంది. ఎవరైనా అడిగితే ఆయన మణికట్టు పైకెత్తి గొలుసు చూపిస్తారు. తెచ్చాం కదండీ, ఇంకేం కావాలి?

బ్రూనో ముందుగా వినిపిస్తుంది, తర్వాత కనిపిస్తుంది. సిమెంటు రోడ్డు మీద గోళ్ళు టకటకమంటూ దగ్గరికొస్తాయి. మలుపులో నల్లటి ఛాతీ, దాని మీద రెండు ఇటుకరంగు మచ్చలు. మనల్ని చూడగానే ఆగుతుంది. ఆగడమే అసలు ప్రమాదం. ఒళ్ళు బిగుస్తుంది, పైపెదవి ఒక పక్క మాత్రమే లేస్తుంది, కడుపులో ఎక్కడో మోటారు ఆన్ అవుతుంది. మన చేతులు మనం చెప్పకుండానే ఛాతీ మీదికి వచ్చేస్తాయి. అప్పుడు దూరం నుంచి, తాపీగా, ఆ గొంతు వినిపిస్తుంది.

"ఏం చెయ్యడండీ! వాడేం చెయ్యడు! మీరు అలాగే నిలబడండి."

కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు ఆ 'వాడు' ఎవరా అని చుట్టూ పిల్లాడి కోసం చూస్తారు. ఈలోపు ఆయన రారు. డాక్టరు వేగంగా నడవమని చెప్పిన మాట ఆయన రోజంతా పాటిస్తారు, ఈ ఒక్క యాభై గజాల్లో తప్ప. సొంత బావమరిది బ్యాంకు అప్పుకి హామీ సంతకం పెట్టమంటే మూడు నెలలు ఫోనెత్తని మనిషి, ఇంకో ప్రాణి నోట్లో ఉన్న నలభై రెండు పళ్ళకి, ఎదుటివాడి పిక్క తాకట్టుగా, అక్కడికక్కడే హామీ ఇచ్చేస్తారు.

దగ్గరికొచ్చాక విచారణ మొదలవుతుంది. విచారణ మన మీద.

"మీ చేతిలో గొడుగుంది. వాడికి గొడుగు పడదు."

"నిన్న గొడుగు లేదు కదండీ."

"నిన్న టోపీ పెట్టుకున్నారు."

ఇన్నాళ్ళలో మేం పోగుచేసిన సమాచారం ప్రకారం బ్రూనోకి పడనివి ఇవి: గొడుగు, టోపీ, హెల్మెట్, లుంగీ, కూరగాయల సంచి, చేతికర్ర, ముదురు రంగు చొక్కా, పరుగు, వేగంగా నడక, మరీ నెమ్మదిగా నడక, దాని కళ్ళలోకి చూడటం, చూడకుండా మొహం తిప్పుకోవడం. ఇవన్నీ మానుకుని వాకింగుకి రావాలంటే మనం కూడా ఇంచుమించు బ్రూనో దుస్తుల్లోనే రావాలి.

ఇవేవీ వర్తించకపోతే ఆఖరి అస్త్రం ఒకటి ఉంది. "మీరు భయపడుతున్నారు. భయం వాడికి వాసన వస్తుందండీ." నేరం అలా మన ముక్కుకి కాక బ్రూనో ముక్కుకి దొరికి, మన మీద రుజువైపోతుంది. మొరిగిన రోజు "మొరిగే కుక్క కరవదని పెద్దలు ఊరికే అన్నారా" అంటారు. మొరగని రోజు "చూశారా, మొరగను కూడా మొరగడం లేదు" అంటారు.

ఆయన వాణిజ్య పన్నుల్లో పనిచేసి రిటైరయ్యారు. డాబర్‌మన్‌నే తెచ్చుకోవడం వెనక ఒక చరిత్ర ఉందని, అది వినకుండా ఎవరినీ కదలనివ్వరు. మన మోకాలిని బ్రూనో వాసన చూస్తుండగానే కథ మొదలవుతుంది. జర్మనీలో అపోల్డా అనే ఊరు. పందొమ్మిదో శతాబ్దం. అక్కడ డాబర్‌మన్ అనే ఆయన పన్నులు వసూలు చేసేవాడు. ఊళ్ళో దొరికిన కుక్కల్ని ఉంచే దొడ్డి బాధ్యత కూడా ఆయనదే. వసూలు సంచితో ఒంటరిగా తిరగాలి కాబట్టి ఆ కుక్కల్లోంచే తనకి తోడుగా ఒక జాతిని తయారుచేసుకున్నాడు. కథలో అబద్ధమేమీ లేదు, పుస్తకాల్లోనూ ఇలాగే ఉంటుంది. చెప్పేటప్పుడు ఈయన గొంతులో మాత్రం తాతగారి గురించి చెబుతున్నంత ఆప్యాయత ఉంటుంది. మరి ఆయన సర్వీసంతా ఆ శాఖలోనే. బ్రూనోదీ పన్ను శాఖే.

కాపలాకైతే మన కర్నూలు జిల్లా పందికోన కుక్కలకి ఎంతో పేరుంది కదండీ అని నేనొకసారి అన్నాను. "పేపర్లుంటాయా వాటికి?" అని అడిగారు. బ్రూనోకి పేపర్లున్నాయి. వంశవృక్షం ఉంది. మాలో చాలామందికి ముత్తాత పేరు తెలియదు.

ఇంటి గేటుకి 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు. తెలుగులో, ఇంగ్లీషులో, కింద అల్సేషియన్ బొమ్మతో. గేటు మాత్రం తీసే ఉంటుంది. బోర్డు ఉందిగా అంటే, అది లోపలికొచ్చే దొంగల కోసమట. గేటుకి లోపల బ్రూనో దొంగల్ని చీల్చి చెండాడే పులి, గేటు దాటి బయటకొస్తే పాలు తాగే పసివాడు. ఈ మార్పు సరిగ్గా గేటు పట్టాల మీద జరుగుతుంది. దానికిది తెలుసో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనే. "బ్రూనో, నో! కమ్! సిట్!" ఆ కుటుంబంలో ఇంగ్లీషు ఇంత గట్టిగా మాట్లాడేది కుక్కతో ఒక్కదానితోనే. బ్రూనో వినదు. వినేది ఒక్క మనిషి మాట. వాళ్ళింట్లో పనిచేసే ఆమె ఆరున్నరకి చీపురుతో బయటికొస్తుంది. వీధిలో పరిస్థితి ఒక చూపు చూస్తుంది. "ఏయ్, ఏంది నీ లొల్లి పొద్దుపొద్దుగాల? నడువ్ లోపటికి!" అంటుంది. గొంతు కూడా పెంచదు. నలభై కిలోల డాబర్‌మన్ చెవులు వెనక్కి వాల్చి, గోడ వారగా లోపలికి పోతుంది. రోజూ దాని గిన్నెలో అన్నం కలిపి పెట్టేది ఆమె. ఆయన ఇదంతా చూసి మావైపు తిరిగి గర్వంగా అంటారు: "ట్రెయినింగండీ."

కిరాతకుడని మాత్రం అనుకోవద్దు. దీపావళి రాత్రి ఆయన్ని చూడాలి. టపాకాయల మోతకి బ్రూనో వణికిపోతుంటే మెట్ల కింద గదిలో దుప్పటి కప్పుకుని, దాని తల ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో చెవులు మూసి, అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. డాలస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తే ముందు చూపించేది బ్రూనో మొహమే. కొడుకు వెళ్ళిన ఏడాదే బ్రూనో వచ్చింది, ఆ లెక్క మాకెవరికీ చెప్పనక్కర్లేదు. ఆ మెట్ల కింద సంగతి తెలిశాక ఎవరికైనా ఆయన మీద కోపం పోతుంది. తెల్లారి ఆరింటికి మళ్ళీ వస్తుంది.

డాలస్ వెళ్ళినప్పుడు కొడుకు కుక్కని ఆయనే తిప్పేవారట. మెడకి పట్టీ, పట్టీకి తాడు, తాడు చేతికి రెండు చుట్లు. జేబులో ప్లాస్టిక్ కవర్లు. అది కానిచ్చిన ప్రతిసారీ వంగి, కవర్లోకి ఎత్తి, ముడేసి, చెత్తడబ్బాలో వేసేవారు. ఆ ఫొటో మాకు ఆయనే చూపించారు.

"మరి ఇక్కడో?"

"అక్కడ రూల్సండీ!"

రూల్సు ఇక్కడా ఉన్నాయని మా ఎదురింటి మాస్టారు ఒకసారి చెప్పబోయారు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి అపాయం కలగకుండా జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇది 289, జరిమానా వెయ్యి రూపాయలే. పన్నుల మనిషి కళ్ళు మెరిశాయి. "వెయ్యి ఎప్పటి రేటు? 1860దా? ఇన్నేళ్ళకి ఐదు వేలంటే పెంచినట్టే కాదండీ" అని తేల్చేశారు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల ప్రమాదకర కుక్కల్ని నిషేధించమని రాష్ట్రాలకి లేఖ రాసినప్పుడు ఆయన ఆ జాబితా ప్రింటు తీయించి లామినేషన్ చేయించారు. అందులో రాట్‌వైలర్ ఉంది, పిట్‌బుల్ ఉంది, డాబర్‌మన్ లేదు. అది బ్రూనోకి కేంద్ర ప్రభుత్వమే ఇచ్చిన కాండక్టు సర్టిఫికెట్‌లా హాల్లో వేలాడింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖని కొట్టేసిందని తెలిసినప్పుడు కుక్కలవాళ్ళందరూ సంతోషించారు, ఈయన ఒక్కరే దిగులుపడ్డారు.

ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వు రాదు. 2023 జనవరిలో మన హైదరాబాదులోనే, బంజారాహిల్స్‌లో, ఆర్డరు డెలివరీ ఇవ్వడానికి వెళ్ళిన ఇరవై మూడేళ్ళ కుర్రాడి మీదికి ఆ ఇంటి కుక్క ఉరికింది. తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఈ వార్త వచ్చిన వారం మా వీధిలో గొలుసు బ్రూనో మెడకే ఉంది. తర్వాతి వారం మళ్ళీ మణికట్టుకి వచ్చేసింది.

మాస్టారి పిక్క పోయిన ఏడాది వర్షాకాలంలో దొరికింది. చేతిలో గొడుగు ఉంది, ఒప్పుకోవాలి. ఆయన కేక విని వీధంతా వచ్చింది. ఒకరు కారం అద్దమన్నారు, ఇంకొకరు సున్నం. ఎవరో బుద్ధిమంతుడు పంపు విప్పి సబ్బు చేతికిచ్చాడు. కుక్క కాటుకి ముందు చేయాల్సింది అదే, పారే నీళ్ళ కింద పావుగంట సేపు కడగడం. మాస్టారు కడుగుతున్నంతసేపూ బ్రూనో వాళ్ళ నాన్న పక్కనే వంగి చూస్తున్నారు.

"పన్ను కాదండీ, గోరు."

రక్తం వస్తోందన్నాం.

"గోరుకీ వస్తుందండీ."

ఆసుపత్రిలో డాక్టరు కాట్లని మూడు రకాలుగా చూస్తారని ఆ రోజే తెలిసింది. చెక్కుచెదరని చర్మం మీద నాకితే ఒకటోది, రక్తం లేకుండా గీరుకుంటే రెండోది, చర్మం తెగి రక్తం వస్తే మూడోది. మూడోదానికి టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు. బ్రూనో వాళ్ళ నాన్న సర్వీసు అనుభవమంతా బయటికి తీసి, దీన్ని రెండో స్లాబులో వేయాలని డాక్టరుతో వాదించారు. డాక్టరు మూడో స్లాబులోనే వేసింది. అప్పీలు లేదు.

మాస్టారి భయం వేరు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లంటారేమోనని గుమ్మంలోనే ఆగిపోయారు. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత టీకా మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడంతా జబ్బకే. మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28. బ్రూనోకి అన్ని టీకాలూ వేయించామని, పుస్తకం చూడండని వాళ్ళ నాన్న అన్నారు. పుస్తకం చూసి, అయినా పది రోజులు కుక్కని గమనించమని, ఈయన కోర్సు మాత్రం ఈయనదేనని డాక్టరు చెప్పింది.

ఆయన మంచితనం ఇక్కడే బయటపడింది. ప్రతి ఇంజెక్షనుకీ మాస్టారిని తన కారులోనే తీసుకెళ్ళారు. ఆటో ఎక్కుతానంటే ఒప్పుకోలేదు. డాక్టరు గమనించమన్నది కాబట్టి కనిపెట్టుకుని ఉండాలని బ్రూనోని కూడా వెనక సీట్లో ఎక్కించారు. ముందు సీట్లో మాస్టారు మెడ లోపలికి లాక్కుని, డోరు పిడి మీద చెయ్యి వేసి కూర్చునేవారు. వెనక నుంచి వేడి ఊపిరి చెవికి తగిలేది. "మీరంటే వాడికి అలవాటైపోయిందండీ" అనేవారట, గేరు మారుస్తూ.

మొన్నటి సంక్షేమ సంఘం మీటింగుకి ఒక అర్జీ వచ్చింది. వీధికుక్కల బెడద భరించలేకపోతున్నామని, కార్పొరేషన్ వాళ్ళు వెంటనే పట్టుకెళ్ళాలని. రాసింది బ్రూనో వాళ్ళ నాన్నే. వీధికుక్కల వల్ల బ్రూనోని ప్రశాంతంగా వాకింగుకి తీసుకెళ్ళలేకపోతున్నారట. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కాపీని జత చేశారు. పదకొండు రోజులకే ఆ ఉత్తర్వును సవరించి, ఆపరేషన్, టీకా చేసి చాలావాటిని ఎక్కడివక్కడ వదలమన్న రెండో కాపీని జత చేయలేదు.

"మరి మన బ్రూనో సంగతేంటి సార్?" అన్నాడు చివరి వరసలోంచి ఒక కుర్రాడు.

"బ్రూనో కుక్కేంటండీ?" అన్నారాయన, నిజంగానే నొచ్చుకుని. "ధర్మరాజంతటివాడు కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు. చదువుకున్నవాళ్ళు మీరు."

మాస్టారు లేచారు. "ఆ కుక్క ధర్మరాజు వెనకాల నడిచిందండీ" అన్నారు. "ముందు పరిగెత్తలేదు."

అర్జీ మీద అందరం సంతకాలు చేశాం, ఎందుకో నాకిప్పటికీ తెలియదు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చర్చించాల్సినవి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవు. టీలు కూడా అయిపోయాయి. హాలుకి ఉన్నది ఒకటే తలుపు, ఆ తలుపు బయట మెట్ల మీద బ్రూనో పడుకుని ఉంది. గొలుసు ఆయన మణికట్టుకి ఉంది. కోశాధికారి గారు గొంతు సవరించుకుని, నిరుటి జమాఖర్చులు మళ్ళీ ఒకసారి చదవమంటారా అని అడిగారు. ఒక్కరూ కాదనలేదు.