నష్టమని తెలిసే ఓటేయండి

నెల్లూరు జిల్లా బోగోలు మండలం ఓటర్లకి నా మొదటి సలహా: ఎంత దూరాన ఉన్నా ఓటుకి రండి. రెండు రోజుల కూలి పోనివ్వండి, జనరల్ బోగీలో నిలబడైనా వచ్చి బిట్రగుంటలో దిగండి. ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1957లో రాసిన పుస్తకం ప్రకారం ఇది దండగమారి పని. లక్షల్లో ఒక్క ఓటుతో ఫలితం మారదు, దారి ఖర్చు మాత్రం ఖాయం. అయినా 2024 మే 13న రాష్ట్రంలో 80 శాతానికి పైగా ఓటేశారు. అంతమందికీ లెక్క రాదంటే నేనొప్పుకోను.

ఈ చిక్కు విప్పడానికి 1968లో రాజనీతి శాస్త్రవేత్తలు రైకర్, ఆర్డెషుక్ బాధ్యత తీర్చుకున్న తృప్తిని కూడా లాభం ఖాతాలో రాశారు. అలా రాసుకుంటూ పోతే ఏ సిద్ధాంతమూ తప్పని తేలదు. 1994లో అదే శాస్త్రానికి చెందిన గ్రీన్, షపీరో తప్పుపట్టింది ఇలాంటి సర్దుబాట్లనే.

రెండోది, మీ పని కోసం ఓటేయకండి, పక్కవాళ్ల పని కోసం వేయండి. జువ్వలదిన్నె, కప్పరాళ్లతిప్ప మత్స్యకారులు వేట నిషేధం 61 రోజుల భృతి సంగతి పక్కనపెట్టి, కావలి కాలువ నీళ్ల కోసం వేయండి. రైతులు తమిళనాడు సోనా బోట్లు (పెద్ద మర పడవలు) మన వలలు తెంచుకుపోయే గొడవ మీద వేయండి. దమ్మిడీ లాభం ఉండదు. అందుకే వేయమంటున్నా.

మూడోది, ఉద్యమం గెలిచేలా ఉందా లేదా అని చూడకుండా ముందే దూకండి. ఒకరు పోరాడితే ఫలం అందరికీ దక్కుతుంది గనక తెలివైనవాడు ఒడ్డున కూర్చుంటాడని 1965లో మాన్సర్ ఓల్సన్ రాశాడు. మన జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకాల మీద తిరగబడ్డారు. పక్కింటావిడ పోరాడుతుందిలే అని ఎవరికి వారు తలుపులేసుకుని ఉంటే 1993లో సారా నిషేధం వచ్చేదా?

లెక్క బొత్తిగా వద్దనను. కర్నూలు జిల్లాలో కాలవ చివరి ఊళ్లు నీటి పంపకానికి ఉమ్మడిగా మనుషుల్ని పెట్టుకున్న తీరు మీద రాబర్ట్ వేడ్ 1988లో పుస్తకమే తెచ్చాడు. నీటి కటకట ఉన్నచోటే ఆ కట్టుబాటు గట్టిగా ఉంది. నీటి వంతులకు లెక్క వేసుకోండి, ఓటుకొద్దు.

పొలిటికల్ సైన్స్ పిల్లలకి ఒక మాట. ఏం లాభం చూసి వేశారని ఓటరుని అడగకండి, మీ ప్రశ్నే జవాబు చెప్పిస్తుంది. ఎవరి కోసం వేశారని అడగండి. మత్స్యకారుల ఊళ్లకి మే నెలలో వెళ్లండి, వేట నిషేధంలో పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా చెబుతారు.